మట్టి దాక గుణమూ దోషమూ దాని రంధ్రాల్లోనే

మట్టి పాత్రల్లో వంట కొన్నేళ్లుగా పట్టణాల వంటిళ్లలోకి మళ్లీ వస్తున్నది. రహదారుల పక్కన దాకలు, చట్టీలు, మూకుళ్లు వరుసలుగా పేర్చి అమ్ముతున్నారు. మూతలు, పిడులు, రంగులతో ముస్తాబైన సెట్లు ఆన్‌లైన్‌లోనూ దొరుకుతున్నాయి. వాటితో పాటు వచ్చే ప్రచారం మాత్రం సరుకు కన్నా బరువుగా ఉంటున్నది. మట్టికి క్షారగుణం ఉందని, అది ఆహారంలోని ఆమ్లాన్ని విరుస్తుందని, పోషకాలు 100 శాతం నిలుస్తాయని, మట్టిలోని ఖనిజాలు కూరలోకి దిగుతాయని చెబుతారు. ఇందులో చాలా భాగం పరీక్షకు నిలవదు. అయితే మట్టి దాకలో కాచిన చేపల పులుసుకూ స్టీలు గిన్నెలో కాచిన పులుసుకూ తేడా తెలుస్తుందనే మాట మాత్రం భ్రమ కాదు. ఆ తేడాకు కారణం పాత్ర గోడలోని కంటికి కనబడని సన్న రంధ్రాలు, వాటి వల్ల వేడి నడిచే తీరు. మట్టి పాత్రతో వచ్చే ఇబ్బందులన్నిటికీ మూలం కూడా ఆ రంధ్రాలే.

ఈ రంధ్రాలు ఎలా ఏర్పడతాయో కుమ్మరి పని చూస్తే అర్థమవుతుంది. వంటపాత్రకు వాడే మట్టి సాధారణంగా చెరువు అడుగున పేరుకున్న ఒండ్రు. దాన్ని నానబెట్టి, రాళ్లూ వేళ్లూ ఏరివేసి, కాళ్లతో తొక్కి మెత్తబరిచాక సన్న ఇసుకనో, బూడిదనో, ఊకనో ఆ మట్టి స్వభావాన్ని బట్టి కలుపుతారు. సారె (కుమ్మరి చక్రం) మీద లేపిన కుండ కొంత ఆరిన తరువాత లోపల గుండ్రటి రాయి ఆనించి, బయటి నుంచి చెక్కతో తడుతూ అడుగును పలుచగా, గుండ్రంగా సాగదీస్తారు. ఆవంలో, అంటే కుండలు కాల్చే బట్టీలో, పిడకలు, కట్టెలు, గడ్డి మధ్య పేర్చి కాల్చినప్పుడు చేరే వేడి చాలావరకు 700 నుంచి 900 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటుంది. మట్టి రేణువులు ఒకదానికొకటి అతుక్కోవడానికి ఆ వేడి చాలుతుంది గాని, కరిగి గాజులా కలిసిపోవడానికి చాలదు. పింగాణీకి 1200 డిగ్రీలు దాటిన వేడి కావాలి. రేణువుల మధ్య మిగిలిన సందులు, కాలిపోయిన ఊక వదిలిన ఖాళీలు కలిసి గోడంతా రంధ్రమయం అవుతుంది. ఇటువంటి పాత్రను నీళ్లలో ముంచితే తన బరువులో పదో వంతు దాకా, కొన్నిసార్లు అంతకు మించి కూడా నీరు పీలుస్తుంది.

ఇంత తక్కువ కాల్పు లోపమనుకోవడం సహజం. కాని పొయ్యి మీదికి ఎక్కే పాత్రకు అదే రక్ష. నిప్పు తగిలిన చోట మట్టి వ్యాకోచిస్తుంది, పక్కన చల్లగా ఉన్న భాగం దాన్ని అడ్డుకుంటుంది, ఆ లాగుడులో వెంట్రుకవాసి పగుళ్లు పుడతాయి. బాగా కాలి గట్టిపడిన గోడలో అటువంటి పగులు ఒక్క ఊపున ఈ చివరి నుంచి ఆ చివరికి పరుగెడుతుంది. రంధ్రాలూ ఇసుక రేణువులూ ఉన్న గోడలో మాత్రం కొంత దూరం పోయి ఒక ఖాళీ దగ్గర ఆగిపోతుంది. అందుకే తడితే ఖణేల్‌మనే పింగాణీ గిన్నె పొయ్యి మీద పగిలిపోయినా, మోటుగా కనిపించే ఊరి దాక ఏళ్ల తరబడి పనిచేస్తుంది. అడుగు గుండ్రంగా ఉండటం కూడా అందానికి కాదు. మూల ఉన్న చోట లాగుడు పోగవుతుంది, గుండ్రటి అడుగులో అది అంతటా సర్దుకుంటుంది.

ఇక వంట సంగతి. అల్యూమినియం ఉష్ణవాహకత మీటరు-కెల్విన్‌కు దాదాపు 235 వాట్లు, స్టెయిన్‌లెస్ స్టీలుది 15 దగ్గర, మామూలు ఎర్రమట్టి పాత్రది 1కి అటూ ఇటూ. అంటే మంట మీది వేడి మట్టి గోడను దాటి లోపలికి చేరడానికి చాలా సమయం పడుతుంది. మట్టి పాత్ర వేడిని సమంగా పంచుతుందని తరచుగా రాస్తుంటారు. వాహకత ఇంత తక్కువగా ఉన్న పదార్థం వేడిని పక్కలకు పంచలేదు కాబట్టి ఆ మాట పొరపాటు. పంచేది లోపలి పులుసు. అడుగున వేడెక్కిన ద్రవం పైకి లేచి, చల్లటిది కిందికి దిగే తిరుగుడు వల్ల ఉష్ణోగ్రత సర్దుకుంటుంది. మట్టి చేసేదల్లా ఆ ద్రవానికి అందే వేడిని నెమ్మది చేయడం. ఈ కారణం వల్లనే మట్టి పాత్ర నీళ్లతో ఉడికే వంటలకు ఒదిగినంతగా వేపుడుకు ఒదగదు. వేపుడులో వేడిని పంచడానికి ద్రవం ఉండదు, మంట తగిలే చోట మాడుతుంది, అంచున పచ్చిగా మిగులుతుంది.

రెండో సంగతి నిలవ ఉండే వేడి. రెండు కిలోల దాక 75 డిగ్రీల మేర వేడెక్కితే సుమారు 130 కిలోజౌళ్ల వేడిని తనలో ఉంచుకుంటుంది. ఆరు వందల గ్రాముల స్టీలు గిన్నె అంతే వేడెక్కినా ఉంచుకునేది సుమారు 22 కిలోజౌళ్లే. పొయ్యి కట్టేశాక కూడా దాకలో పులుసు కాసేపు కుతకుతమనడానికి ఈ నిలవే కారణం. మూడోది, గోడ గుండా నీరు కొద్దికొద్దిగా బయటికి చెమర్చి ఆవిరి కావడం. నీరు ఆవిరి కావాలంటే వేడి కావాలి. ఆ వేడిని పాత్ర గోడ నుంచే తీసుకుంటుంది కాబట్టి లోపలి వంట తెర్లే (మరిగే) స్థితికి కొంచెం దిగువనే ఉంటుంది. ఇందుకు ఇంధనం రూపంలో చెల్లింపు ఉంది. గోడ గుండా 100 గ్రాముల నీరు ఆవిరైపోతే ఖర్చయ్యే వేడి దాదాపు 226 కిలోజౌళ్లు, అంటే సుమారు 700 గ్రాముల నీటిని 25 డిగ్రీల నుంచి మరిగే దాకా తీసుకుపోయేంత. మట్టి పాత్ర గ్యాసు ఆదా చేస్తుందనే మాటను, ముఖ్యంగా పాత్రను ప్రతిసారీ నానబెట్టి పొయ్యి ఎక్కించే ఇళ్లలో, ఈ లెక్క దగ్గర పెట్టుకుని చూడాలి.

ఈ మూడు గుణాలూ కలిసి పనిచేసే వంట చేపల పులుసు. గోదావరి జిల్లాల్లో వరద నీటికి ఎదురీదుతూ వచ్చే పులసను దాకలో వండినా, నెల్లూరులో మామిడికాయ ముక్కలు వేసి చట్టిలో పులుసు పెట్టినా పద్ధతి ఒకటే. చేప కండ 50, 60 డిగ్రీల దగ్గరే ఉడికిపోతుంది. ఆ తరువాత గలగలా తెర్లే నీరు చేసేది ముక్కను విడగొట్టడమే. దాకలో పులుసు మంద్రంగా కుతకుతమంటుంది గాని ముక్కల్ని ఎత్తి కొట్టదు. అనుభవం ఉన్న చేతులు అందులో గరిటె పెట్టవు. అంచులు గుడ్డతో పట్టుకుని దాకను నెమ్మదిగా అటూ ఇటూ తిప్పుతాయి. దించాక మిగిలిన వేడిలో పులుసు చిక్కబడుతుంది, చింతపండు పులుపూ కారమూ ఉప్పూ ముక్కలోకి దిగుతాయి. మర్నాటి పులుసు రుచి ఎక్కువనడానికి ఆ దిగుడే కారణం. అది స్టీలు గిన్నెలోనూ కొంత జరుగుతుంది, కాకపోతే అక్కడ ముక్క ఇంత చెక్కుచెదరకుండా మర్నాటి దాకా రావడం అరుదు.

పులుసుకు మట్టిని ఎంచుకోవడంలో మరొక కారణం కూడా ఉంది, అది ఇప్పుడు మరుగున పడింది. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం ఇత్తడి, రాగి పాత్రలను తింటుంది. కళాయి, అంటే తగరపు పూత, పూయని ఇత్తడి గిన్నెలో పులుసు కాస్తే చిలుము రుచి వస్తుంది, ఒంటికీ చేటు. అల్యూమినియం కూడా పులుపుకు కొంత కరుగుతుంది. కళాయి వేసేవాడు ఊళ్లోకి ఎప్పుడు వస్తాడో తెలియని కాలంలో పులుపు పడే వంటకు నమ్మకమైనవి మట్టి దాక, రాతితో చేసిన రాచ్చిప్ప మాత్రమే. ఆమ్లంతో చర్య జరపని స్టెయిన్‌లెస్ స్టీలు ఇంటింటికీ వచ్చాక ఈ అవసరం తీరిపోయింది. కాబట్టి మట్టి పాత్రే ఆరోగ్యకరమనే వాదన ఒకప్పుడు ఇత్తడి, అల్యూమినియం ముందు నిజమే గాని, స్టీలు ముందు అంత గట్టిగా నిలబడదు.

పాల విషయంలో మట్టి చేసే మేలు మరింత స్పష్టంగా కనిపిస్తుంది. పాడి ఉన్న ఇళ్లలో దాలిగుంటలో పిడకల నిప్పు మీద పాలకుండ ఎక్కించి గంటల తరబడి వదిలేసేవారు. నిప్పుకు జ్వాల లేదు, మట్టి గోడ దాన్ని మరింత మెత్తబరుస్తుంది, పాలు పొంగవు, అడుగంటవు. పాలలోని చక్కెర, మాంసకృత్తులు ఆ కొద్దిపాటి వేడికే గంటల పాటు చర్య జరిపి పాలకు లేత ఎరుపు రంగు, కమ్మటి వాసన తెస్తాయి. పైన మందపాటి మీగడ కడుతుంది. తోడు పెట్టాక ఇదే గోడ మరో పని చేస్తుంది. పెరుగులోని నీటిని కొంత పీల్చుకుని బయటికి ఆవిరిగా వదిలేస్తుంది కాబట్టి గురిగిలో పెరుగు గట్టిగా తోడుకుంటుంది, ఆ ఆవిరి వల్లనే చల్లగా ఉండి ఎండాకాలంలో త్వరగా పులిసిపోదు. తరవాణి కుండలో మరొక మెట్టు ఉంది. అన్నం, గంజి నీళ్లు పులియడానికి కావలసిన సూక్ష్మజీవులు కుండ రంధ్రాల్లోనే కాపురముంటాయి, అందువల్ల పాత కుండలో తరవాణి కొత్త కుండ కన్నా నమ్మకంగా పులుస్తుంది.

నెమ్మది అన్నిటికీ మంచిది కాదు. కందిపప్పు దాకలో కమ్మగా ఉడుకుతుంది, కాని సమయం పడుతుంది. ప్రెషర్ కుక్కరు లోపల ఉష్ణోగ్రత దాదాపు 120 డిగ్రీలకు చేరడం వల్ల అదే పని కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. రాజ్మా విషయంలో అయితే ఇది సౌకర్యం మాట కాదు. ఆ గింజల్లో ఉండే లెక్టిన్ అనే ఒక రకం మాంసకృత్తు సరిగా విరగకపోతే వాంతులు, విరేచనాలు కలిగిస్తుంది. తెర్లే స్థాయికి దిగువన ఎంతసేపు ఉడికించినా అది పూర్తిగా నశించదు. నానబెట్టిన నీటిని పారబోసి, రాజ్మాను ముందు వేరే గిన్నెలో అరగంట గలగలా తెర్లించిన తరువాతే మట్టి పాత్రలోకి మార్చుకోవాలి. అలాగే వేడిని చాలాసేపు నిలిపే గుణం వండిన వంటను గోరువెచ్చటి స్థితిలో గంటల కొద్దీ ఉంచుతుంది. ఆ వెచ్చదనంలోనే సూక్ష్మజీవులు పెరుగుతాయి. చింతపండు పులుసుకు పులుపే కొంత కాపలా. పప్పుకు, మాంసం కూరకు, అన్నానికి ఆ కాపలా లేదు. వాటిని దాకలోనే రాత్రంతా వదిలేయకుండా వేరే గిన్నెలోకి తీసి చల్లచోట పెట్టడం మంచిది.

మట్టి ఆమ్లాన్ని విరుస్తుందన్న వాదనకు జవాబు చేపల పులుసే చెబుతుంది: అదే నిజమైతే దాకలో పెట్టిన పులుసు పుల్లగా ఉండకూడదు. కాలిన మట్టి ప్రధానంగా సిలికా, అల్యూమినా కలిసిన పదార్థం, వంట వేడికి నీటిలో కరిగేది కాదు. ఇక పోషకాల మాటకు వస్తే, సి విటమిన్ వంటివి వేడికీ సమయానికీ నశిస్తాయి, పాత్ర ఏదైనా సరే. ఎక్కువసేపు ఉడికే వంటలో అవి ఎక్కువే పోతాయి. ఖనిజాలు వేడికి ఎక్కడికీ పోవు, వార్చి పారబోసే గంజితో పోతాయి. ఇలాంటి ప్రచారం మట్టి పాత్రకు మేలు చేయడం లేదు. మందు అనుకుని కొన్నవారు మహిమ కనబడకపోయేసరికి దాన్ని అటక ఎక్కిస్తారు.

కొనేటప్పుడు తట్టి చూడటం పాత అలవాటు, సరైన అలవాటు. పగులు లేని పాత్ర ఖంగుమంటుంది, పగులు ఉన్నది బొంగురుగా పలుకుతుంది. ఇంటికి తెచ్చాక ఒక రోజంతా నీళ్లలో నానబెట్టాలని చెప్పడం వెనక దుమ్ము కడగడం ఒక్కటే లేదు. ఒండ్రు మట్టిలో సున్నపు రాయి పలుకులు ఉంటే అవి ఆవంలో కాలి పొడిసున్నం అవుతాయి; తరువాత తేమ తగిలినప్పుడు ఉబ్బి, గోడ నుంచి పెచ్చులు లేపుతాయి. అటువంటి పాత్ర బయటపడేది నానబెట్టినప్పుడే, కూర పెట్టాక బయటపడటం కన్నా అది నయం. ఆరిన తరువాత బియ్యం కడిగిన నీళ్లో పలుచటి గంజో పోసి సన్నని సెగ మీద కాస్తారు. పిండి వేడికి జిగురై లోపలి రంధ్రాల్లో దిగి బిగుసుకుంటుంది. కొందరు ఆపైన నూనె రాసి మళ్లీ వెచ్చబెడతారు. నూనె ఎండి పొరగా మారుతుంది. ఈ పనులతో రంధ్రాలు పూర్తిగా మూసుకుపోవు, పులుసు కారిపోకుండా ఇరుకవుతాయి. కొత్త దాకలో మొదటి కొద్ది వంటలు గంజి ఉన్నవే అయితే మంచిది, చేప తరువాతి మాట.

ఇప్పటి వంటింట్లో దాకలు ఎక్కువగా పగిలేది గ్యాసు పొయ్యి మీద. మూడు రాళ్ల పొయ్యిలో కట్టెల మంట కుండ అడుగును మొత్తంగా చుట్టుకుంటుంది, పైగా నిప్పు నెమ్మదిగా రాజుకుంటుంది కాబట్టి కుండ కూడా దానితో పాటే వేడెక్కుతుంది. గ్యాసు మంట వెలిగించిన క్షణం నుంచే పూర్తి వేడితో ఒక ఇరుకైన వలయంలో తగులుతుంది. ఆ వలయం చుట్టూ ఉన్న మట్టి చల్లగానే ఉంటుంది. దీనికి విరుగుడు ఖరీదైనది కాదు. పొయ్యి మీద పాత ఇనుప పెనం పెట్టి దాని మీద దాక ఉంచడం, మొదటి పది నిమిషాలు మంటను అన్నిటికన్నా తక్కువలో నడపడం, ఖాళీ పాత్రను వేడెక్కించకపోవడం, వేడి దాకలో చన్నీళ్లు పోయకపోవడం, దించినప్పుడు రాతి గట్టు మీద కాక చుట్టకుదురు మీదో మడిచిన గుడ్డ మీదో పెట్టడం చాలు. ఇండక్షన్ పొయ్యి మీద మట్టి పాత్ర అసలు వేడెక్కదు, అది లోహంలో మాత్రమే విద్యుత్ ప్రవాహాన్ని పుట్టించి వేడి చేస్తుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో మొదలైన దీపం పథకం, 2016 నుంచి కేంద్రం ఉజ్జ్వల పథకం గ్యాసు పొయ్యిని పల్లెల్లోకి తీసుకుపోయాయి. పొగ నుంచి ఆడవాళ్ల కళ్లకూ ఊపిరితిత్తులకూ ఊరట దొరికిన ఆ మార్పు మట్టి కుండకు మాత్రం కలిసిరాలేదు. ఊరట వద్దని, కుండ కోసం మళ్లీ కట్టెల పొయ్యి ఊదమని చెప్పే కొందరి ఉత్సాహం వండేవాళ్ల తరఫున ఆలోచించినది కాదు.

కడగడంలో రంధ్రాల రెండో ముఖం కనబడుతుంది. సబ్బు నీరు గోడలోకి దిగి తరువాతి వంటలో బయటికి వస్తుంది. అందుకే వేడినీళ్లు, కొబ్బరి పీచు, కొంచెం బూడిద లేదా వంటసోడా, ఆపైన ఎండ. తడి ఆరకుండా బోర్లించి మూసిపెడితే బూజు పడుతుంది. కొవ్వు కూడా అలాగే దిగుతుంది, పూర్తిగా ఎన్నడూ బయటికి రాదు. సింధు నాగరికత స్థలాల్లో దొరికిన కుండ పెంకుల నుంచి కొవ్వు అవశేషాలు తీసి, ఆ కుండల్లో మాంసం, పాల పదార్థాలు వండిన జాడలు గుర్తించిన పరిశోధన 2020లో వెలువడింది. నాలుగు వేల ఏళ్లకు పైబడినా పోని కొవ్వు ఒక పూట తోమితే పోతుందనుకోవడం కష్టం. చేపలకు ఒక దాక, పాలు పెరుగులకు వేరే పాత్ర ఉంచుకునే ఇళ్ల పద్ధతి మడి కోసం మొదలైందో వాసన కోసం మొదలైందో గాని, ఆచరణలో సరైనదే.

ఈ పీల్చే గుణం మీదనే ఆచారాలు కూడా కట్టుకున్నారు. లోహపు పాత్రను తోమితే శుద్ధి, మట్టి పాత్రను మళ్లీ కాల్చాలి లేదా పారవేయాలి అని ధర్మశాస్త్రాలు చెప్పాయి. మైల పడిన ఇంట్లో కుండలు పగలగొట్టి కొత్తవి తెచ్చుకునేవారు. ఆ నియమం అంటరానితనానికి కూడా ఆయుధమైందని మరవడానికి లేదు. సంక్రాంతి పొంగలికీ, తెలంగాణలో బోనానికీ కొత్త కుండ కావాలనడం ఇదే ఆలోచనకు శుభమైన రూపం. పూరీ జగన్నాథాలయంలో మహాప్రసాదం ఇప్పటికీ మట్టి కుండల్లోనే, ఒకదాని మీద ఒకటి పేర్చి వండుతారు, వండిన కుండను మళ్లీ వాడరు. కుమ్మరికి ఏడాది పొడుగునా పని దొరికే ఏర్పాటు అది. ఒక దాక కొని పదేళ్లు జాగ్రత్తగా వాడే ఇల్లు తనకు మేలు చేసుకుంటుంది గాని, కుమ్మరి సారె తిరగడానికి అది చాలదు.

రంగుల విషయంలో కొంత అనుమానం అవసరం. గాలి బాగా ఆడే కాల్పులో మట్టిలోని ఇనుము ఎర్రబడుతుంది. చివర్లో గాలి ఆడకుండా మూసి పొగబెడితే అదే మట్టి నల్లగా వస్తుంది. కాబట్టి ఎరుపు, నలుపు రెండూ సహజమే కావచ్చు. తడి తెల్లగుడ్డతో రుద్దితే రంగు అంటుకుంటే అది పూసినది, వంటకు పనికిరాదు. లోపల గాజులా మెరిసే పాత్ర మరింత జాగ్రత్తగా చూడవలసినది. కొన్ని రకాల మెరుగుపూతల్లో సీసం ఉంటుంది, పులుపు తగిలినప్పుడు అది ఆహారంలోకి దిగుతుంది, పిల్లల మెదడు ఎదుగుదలకు హాని చేస్తుంది. మట్టి ఎక్కడిదని అడగడమూ తప్పు కాదు. కర్మాగారాల వ్యర్థాలు చేరే చెరువుల ఒండ్రుతో వంటపాత్ర చేయకూడదు. ఈ ప్రశ్నకు జవాబు దొరికేది సారె దగ్గర కొన్నప్పుడే, అట్టపెట్టెలో వచ్చిన సెట్టు దగ్గర కాదు.

ఆ సెట్లు కొనవలసిన అవసరమూ కనిపించదు. వెడల్పాటి నోరు, గుండ్రటి అడుగు, మెరుగు లేని లోపలి గోడ ఉన్న దాక ఒకటి పులుసులకు, చిన్న గురిగి ఒకటి పెరుగుకు ఉంటే మట్టి నిజంగా తేడా చూపే వంటలన్నీ దాదాపుగా అందులో వచ్చేస్తాయి. అన్నం, వేపుడు, తాలింపు కూరలకు ఇంట్లో ఉన్న లోహపు పాత్రలే మేలు. కొనడానికి తగిన కాలం వేసవి. వానాకాలంలో పచ్చి కుండలు సరిగా ఆరవు, ఆవం తడిసి కాల్పు చెడుతుంది, చాలామంది కుమ్మరులు ఆ నెలల్లో పని ఆపేస్తారు. ఏప్రిల్, మే ఎండల్లో ఆరి కాలిన దాకను అప్పుడే తెచ్చి నానబెట్టి, గంజి కాచి, రెండు మూడు వారాలు పప్పుకూ పప్పుచారుకూ వాడితే తొలకరి నాటికి అది చేపకు సిద్ధమవుతుంది.